పళ్ళ మేస్త్రి చేతిలో పాత గిటారు

పళ్ళ మేస్త్రిది మంచి చెయ్యి. ఈ మాట డాక్టర్లే అంటారు. వాళ్ళు ఊరికే ఎవరినీ మెచ్చుకునే జాతి కాదు. నోట్లో ఒక్క పన్నూ లేని మనిషి చిగుళ్ళ అచ్చు తీసి పంపిస్తే చాలు, వారం తిరక్కుండా పళ్ళ సెట్టు తయారై వచ్చేది. పెట్టుకున్నవాళ్ళు మొదటి రోజే బిస్కెట్టు కొరికి చూసుకుని, నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన బతుకంతా ఆస్పత్రి వెనక మేడమెట్ల కింద, ఒక్క కిటికీ ఉన్న గదిలో గడిచింది. ఆ గదిలో ప్లాస్టరు దుమ్ము, మైనం, పళ్ళ సెట్టుకి చిగుళ్ళు పోసే గులాబీ రంగు రెజిన్ పొడి, దాంట్లో కలిపే ద్రావకం ఘాటు. బయటివాళ్ళు గుమ్మంలోకి రాగానే ముక్కు మూసుకునేవాళ్ళు. ఆయనకు మాత్రం అది పొద్దున్నే లేవగానే వచ్చే కాఫీ వాసనతో సమానం.

ఆయనకు తెలిసిన వేదాంతం రెండు ముక్కలు. ఎత్తుంటే అరగదీయాలి, సందుంటే పూడ్చాలి. పైపళ్ళకీ కింది పళ్ళకీ మధ్య నీలం కాయితం పెట్టి కొరికిస్తే, ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ మచ్చ పడుతుంది. ఆ మచ్చ మీద ఆకురాయి ఆడిస్తాడు. మళ్ళీ కాయితం, మళ్ళీ ఆకురాయి. ఇంట్లో కూడా అదే యావ. భోజనాల బల్ల కాలు ఒకటి కుంటుతోందని మిగతా మూడూ అరగదీసుకుంటూ పోయి, చివరికి పీట ఎత్తుకి తెచ్చాడని వాళ్ళావిడ ఇప్పటికీ చుట్టాల దగ్గర చెప్పి నవ్విస్తుంది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. "మా ఆయనకి చేతులు ఊరుకోవు. నిద్రపోతుంటే నా ముక్కు కూడా సరిచేస్తాడేమోనని నా భయం," అంటుంది.

నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. కానీ ఊరుకోని ఆ చేతులే ఒక ముసలావిడ కొంప ముంచాయి. ఆ సంగతే చెప్పబోతున్నాను.

ఆవిణ్ణి అందరూ గార్డమ్మగారు అంటారు. భర్త గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసి, పోయి రెండేళ్ళయింది. పిల్లల్లేరు. ఆవిడకు డెబ్బై ఆరేళ్ళు, పళ్ళు సున్నా, చెవులు ఇంచుమించు సున్నా. కొత్త సెట్టు ఒకచోట గుచ్చుకుంటోందని తనే మెట్లు దిగి మేస్త్రి గదికి వచ్చింది. ఆయన నీలం కాయితం పెట్టి, రెండు నిమిషాల్లో సరిచేసి చేతికిచ్చాడు. ఆవిడ చూపు మాత్రం గోడ మీద వేలాడుతున్న చవక గిటారు మీద ఉంది.

"వాయిస్తావా బాబూ?"

"ఏదో, పని లేనప్పుడు," అన్నాడు మేస్త్రి. ఆవిడకు వినపడలేదని గ్రహించి తలూపాడు.

"మా ఇంట్లో ఒకటి పడుంది. వచ్చి చూసుకో. నచ్చితే తీసుకుపో."

ఆ ఆదివారం వెళ్ళాడు. రెండో అంతస్తులో రెండు గదులు, కిటికీలోంచి చూస్తే పట్టాలు. గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా అలమారులో కప్పులు గలగలమంటున్నాయి. ఆవిడ తల తిప్పి కూడా చూడటం లేదు. మంచం కిందినుంచి ఇద్దరూ కలిసి నల్లటి పెట్టె లాగారు. మూత తియ్యగానే మేస్త్రి మోకాళ్ళ మీదే ముందుకి వంగాడు.

మామూలు గిటారుకి నడుము సన్నగా ఉంటుంది. దీనికి భుజాలు, నడుము, తుంట్లు అన్నీ వెడల్పే. డ్రెడ్‌నాట్ అంటారు ఈ ఆకారాన్ని. పాతకాలపు యుద్ధనౌక పేరట అది. వయసు అరవై ఏళ్ళ పైమాటే. పైపలక ముదిరిన తేనె రంగులోకి తిరిగింది. మెరుగు అక్కడక్కడా సన్నగా చిట్లింది. ఏదో ఓడరేవులో కుర్రతనంలో కొన్నాడట గార్డు. మేస్త్రి లావు తీగ ఒకటి మీటాడు. ఆ మోత చెవికంటే ముందు పక్కటెముకలకి తగిలింది. అలమారులో కప్పులు గూడ్సు బండి రాకుండానే గలగలమన్నాయి.

మరుక్షణమే ఆయన బొటనవేలు తన పని తాను చేసుకుపోయింది. తీగలు కట్టిన బ్రిడ్జి వెనకాల పలక కొంచెం ఉబ్బి ఉంది. గిటారుకి చిన్న పొట్ట. వేలు అక్కడ ఆగింది. అప్పుడే ఆ చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేది!

ధర దగ్గర ఇద్దరికీ పేచీ రాలేదు. షరతు దగ్గరే గార్డమ్మగారు గట్టిగా కూర్చుంది. నెలకొకసారి, మొదటి ఆదివారం మధ్యాహ్నం, గిటారు తెచ్చి ఆవిడకు వినిపించాలి.

"వినిపించడమంటే..." మేస్త్రి నసిగాడు.

ఆవిడ నవ్వి, చెవి మిషను తీసి డబ్బీలో పెట్టింది. "దీంట్లోంచి వింటే డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది. నేను వినేది ఇలా కాదు," అంటూ తలుపు మూలనుంచి ఒక కర్ర తెచ్చింది. గార్డు జెండా కర్ర. గుడ్డ ఎప్పుడో ఊడిపోయింది. ఒక కొస గిటారు పొట్ట మీద ఆనించింది. రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనించుకుంది. "ఊఁ, ఇప్పుడు వాయించు."

గార్డు డ్యూటీ దిగి వచ్చిన రోజల్లా ఒకే ఒక్క వరస వాయించేవాడట. పది పన్నెండు స్వరాలు, అంతే. ఆవిడ కూనిరాగం తీసి చెబుతుంటే శ్రుతి ఎటో పోతోంది. మేస్త్రి వెతుక్కుంటూ ఒక్కో స్వరమే మీటాడు. తప్పయితే ఆవిడ కర్ర ఎత్తేస్తుంది, ఒప్పయితే కళ్ళు మూసుకుంటుంది. గంట పట్టింది. వరసంతా ఒక్క తీరున పలికాక ఆవిడ చాలాసేపు కళ్ళు తెరవలేదు.

"ఇప్పుడే డ్యూటీ దిగినట్టుంది," అంది చివరికి.

వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆయన చెయ్యి పట్టుకుంది. "చెవి డాక్టరు ముందే చెప్పాడు బాబూ. లోపల నరం ఒకటే మిగిలిందట, అదీ ఏదో ఒక రోజు చెప్పాపెట్టకుండా ఆగిపోతుందట. అప్పటిదాకా ఆయన గొంతు నాకిదే. దీనికేమీ కానివ్వకు."

"నాదే పూచీ అమ్మా," అన్నాడు మేస్త్రి. మిషను లేకపోయినా ఆవిడ పెదాలు చూసి అర్థం చేసుకుంది. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు, అందులో అబద్ధమేమీ లేదు.

మొదటి నెలలో తీగలు బిగించే బిరడలు మార్చాడు. పాతవి తుప్పు పట్టి, తిప్పితే కీచుమంటున్నాయి. అందులో తప్పు పట్టడానికేం లేదు. బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ ప్లాస్టిక్‌ది ఉంటే, ఎముక తెచ్చి తన చేత్తో అరగదీసి కొత్తది పెట్టాడు. దాని కింద నీలం కాయితం పెట్టి, ఎక్కడా వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చోబెట్టాడు. ఆదివారం గార్డమ్మగారు కర్ర ఆనించుకుని, "ఇంకా తేటపడిందే!" అంది. మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

రెండో నెలలో గిటారు మెడ మీద అడ్డంగా ఉండే, అరిగిపోయిన లోహపు మెట్లు మార్పించాడు. ఆ పని తనకు రాదు కనుక వాయిద్యాల కొట్లో రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. ఎప్పుడూ నుదుటి మీద భూతద్దం కట్టుకుని ఉంటాడని అందరూ ఆయన్ని భూతద్దం అనే పిలుస్తారు. మెట్లు వేశాక ఆయన గిటారుని వెలుగుకి అడ్డంగా పట్టి చూశాడు.

"మేస్త్రిగారూ, సన్న తీగలే వాడండి. వాయించనప్పుడు కాస్త వదులు చేసి పెట్టండి. తీగల ఎత్తు ఇబ్బందిగా ఉంటే వర్షాలు వెళ్ళాక తీసుకురండి, మెడ విప్పి సరిగ్గా కూర్చోబెడతా. పొట్ట జోలికి మాత్రం పోవద్దు. ఆ పలక కదిలితేనే మోత."

మేస్త్రి తలూపాడు. తలూపడానికేం పోయింది?

గోల మూడో నెలలో మొదలైంది. ఆస్పత్రి పళ్ళ డాక్టరుగారు కీబోర్డు వాయిస్తాడు. ఆయనా, మరో ఇద్దరూ కలిసి హాల్లో ఒక కచేరీ పెట్టుకున్నారు. మేస్త్రి గిటారు ఎంత పెద్దదైనా కీబోర్డు ముందు వినపడటం లేదన్నారు. గిటారు అడుగున చిల్లు వేయించి, తీగ లాగి, స్పీకరుకి కలిపే మిషను పెట్టించాడు. చాలదన్నట్టు లావు తీగలు కట్టాడు. కట్టి, బిరడ బిగిస్తుంటే లోపలెక్కడో టిక్ మంది.

ఆయన చెయ్యి ఆగిపోయింది. చెవి ఒగ్గి విన్నాడు. ఇంకేం లేదు. మర్నాడు బల్ల దగ్గర పని చేసుకుంటుంటే, గోడకి వేలాడుతున్న గిటారులోంచి, ఎవరూ ముట్టుకోకుండానే, మళ్ళీ టిక్.

ఆరోజునుంచి ఆయనకు మనసులో మనసు లేదు. స్టీలు స్కేలు పెట్టి చూస్తే పొట్ట అర మిల్లీమీటరు పెరిగింది. తీగలు ఎత్తు పెరిగాయి. ఆయన ఎముక పట్టీ అరగదీశాడు. నాలుగు రోజులకి మళ్ళీ ఎత్తు పెరిగింది. మళ్ళీ అరగదీశాడు. పట్టీ కాస్తా గోరంత మందం మిగిలింది. ఒకరోజు పలక చీలి బ్రిడ్జి ఊడి చేతిలోకి వస్తుందనీ, ఆ ముసలావిడకి తాను ఏ మొహం పెట్టుకుని కనపడాలనీ అన్నం ముందు కూర్చుని కూడా అదే ఆలోచన. మూడో నెల ఆదివారం ఆవిడ దగ్గర వాయిస్తున్నప్పుడు కూడా టిక్ మంది. కర్రలోంచి అది ఆవిడకీ చేరినట్టుంది.

"ఏంటది?" అని కళ్ళు తెరిచింది.

ఏం లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

లావు తీగలు తీసేస్తే సరిపోయేది. భూతద్దం చెప్పింది అదే. కానీ కచేరీ పది రోజుల్లో ఉంది. మెడ విప్పించాలంటే వర్షాలు వెళ్ళాలి. అదీగాక మేస్త్రి బుర్రకి అప్పటికే వేరే దారి తోచింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన చేస్తున్న పనేమిటి? వంకరటింకర చిగుళ్ళకి అచ్చుగుద్దినట్టు సరిపోయే రెజిన్ పలక చెయ్యడమేగా! నోట్లో నలభై ఏళ్ళు నమిలినా విరగని పలక, ఈ కొయ్యని మొయ్యలేదా?

ఒక సెలవు రోజు పొద్దున్నే గదికి గడియ వేసుకున్నాడు. తీగలు విప్పి, చిగుళ్ళ అచ్చు తీసే ముద్దనే గిటారు గుండ్రటి నోట్లోంచి లోపలికి పెట్టి, పొట్ట అడుగుభాగం అచ్చు తీశాడు. ప్లాస్టరు పోశాడు. పొట్టని చదును చేసేలా ఆ అచ్చుని సవరించి, దాని మీద గులాబీ రంగు పలక, గిటారు నోట్లో పట్టేలా రెండు ముక్కలుగా పోశాడు. లోపల పట్టించి, అదే ద్రావకంతో అతికించి, బిగింపులు వేసి, పొట్టని కిందికి నొక్కి పెట్టాడు. సాయంత్రానికి రెజిన్ వేడెక్కి, గట్టిపడింది. పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం లోపలికి పెట్టి చూసుకున్నాడు. గిటారు కడుపులో నున్నగా మెరుస్తూ ఒక పంటి చిగురు. ఎక్కడా సందు లేదు. జీవితంలో అంత మంచి పని ఎప్పుడూ చెయ్యలేదనిపించింది.

పైన స్కేలు పెట్టాడు. పొట్ట లేదు. బల్లలా ఉంది.

కచేరీ బ్రహ్మాండంగా జరిగింది. స్పీకర్లోంచి వచ్చిన మోతకి డాక్టరుగారే లేచి చప్పట్లు కొట్టాడు. తీగలు వేళ్ళ కింద వెన్నలా ఉన్నాయి. టిక్కులు ఆగిపోయాయి. మేస్త్రి వారం రోజులపాటు నేల మీద నడవలేదు.

శనివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని, మిషనూ స్పీకరూ లేకుండా, రేపటి కోసం గార్డు వరస ఒకసారి వాయించుకుంటున్నాడు. వాళ్ళావిడ డ్యూటీ బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది.

"ఏమండీ, అద్దాల బీరువా మోగడం మానేసిందేంటి?"

"ఏ బీరువా?"

"అదే, మీరు లావు తీగ మీటినప్పుడల్లా దాని అద్దం జుమ్మనేదిగా. కాయితం మడిచి పెట్టమని మిమ్మల్ని ఎన్నిసార్లు పోరాను! పెట్టారా?"

మేస్త్రి కాయితం పెట్టలేదు. లావు తీగ మీటాడు. అద్దం ఉలకలేదు. గట్టిగా మీటాడు. ఉలకలేదు. అప్పుడు తన పక్కటెముకలు గుర్తొచ్చాయి. వాటికీ ఏమీ తగలడం లేదు. తలుపు మీద వేలితో కొట్టినట్టు పొడిగా, పొట్టిగా ఒక చప్పుడు, అంతే. ఆయన లేచి, కూతురు చదువుకునే రోజులనాటి చెక్క స్కేలు వెతికి తెచ్చాడు. చెవుల్లో దూది కుక్కుకుని, ఒక కొస పలక మీద పెట్టి, రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనించుకుని, "నువ్వొకసారి మీటు," అన్నాడు భార్యతో. ఆవిడ మీటింది. మళ్ళీ మీటమన్నాడు. మళ్ళీ మీటింది.

"ఏంటండీ, అలా అయిపోయారు?"

స్కేలులోంచి ఎముకకి ఏమీ రాలేదు.

గిటారు చంకన పెట్టుకుని భూతద్దం దగ్గరికి పరుగెత్తాడు. ఆ పెద్దాయన అద్దం లోపలికి పెట్టి చూసి, నుదుటి మీది భూతద్దం దించుకుని మళ్ళీ చూశాడు.

"ఎవరు చేశారిది?"

మేస్త్రి తన చేతుల వైపు చూసుకున్నాడు.

"పని మాత్రం అద్భుతంగా ఉంది," అన్నాడు పెద్దాయన. అంతకంటే చెంపదెబ్బ కొట్టి ఉంటే నయం. "చెక్క నరాల్లోకి ఇంకిపోయింది. ఇది తీస్తే పలక కూడా దీంతోపాటే వస్తుంది. కొత్త పలక వేస్తా, కావాలంటే. కానీ అది వేరే గిటారు."

ఇంటికి వచ్చే దారిలో ఆయన బుర్ర అన్ని పాడు దారులూ తొక్కింది. జ్వరమని కబురు పంపితే? దొంగలెత్తుకుపోయారంటే? స్పీకరు డబ్బా తీసుకెళ్ళి, కర్ర దానికి ఆనిస్తే? ఈ చివరి ఆలోచన రాగానే తన మీద తనకే అసహ్యం వేసింది. ఒకటే ఆశ మిగిలింది. ఆవిడ ఎముక తన ఎముకలాంటిది కాదేమో. గార్డు ఉన్న రోజులనుంచీ ఆ కర్రతో వింటున్న మనిషి. ఎంతో కొంత వినపడుతుందేమో.

ఆదివారం గార్డమ్మగారు ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. రెండు కప్పుల టీ కలిపి పెట్టింది. బల్ల మీద ఎప్పటిలాగే కాయితాల దస్తా, పెన్సిలు ఉన్నాయి. మిషను తీసేశాక ఎవరైనా ఆవిడతో ఏమైనా చెప్పాలంటే రాసి చూపిస్తారు. ఆవిడ మిషను తీసి డబ్బీలో పెట్టింది. కర్ర తెచ్చింది. ఒక కొస పలక మీద, పొట్ట ఉండాల్సిన చోట ఆనించింది. రెండో కొస చెవి వెనక పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

మేస్త్రి వాయించాడు. చేతనైనంత గట్టిగా వాయించాడు. వరస అయిపోయింది.

ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. "వాయించు బాబూ," అంది.

ఆయన మళ్ళీ వాయించాడు. సగంలో ఆవిడ కళ్ళు తెరిచి ఆయన వేళ్ళ వైపు చూసింది. తీగలు కదులుతున్నాయి. కర్ర జరిపి పెట్టింది, రెండో చెవి వెనక ఆనించుకుంది. బయట గూడ్సు బండి వెళుతోంది. అలమారులో కప్పులు గలగలమంటున్నాయి. బండి వెళ్ళిపోయింది, కప్పులు ఆగిపోయాయి. మేస్త్రి వేళ్ళు ఇంకా ఆగలేదు.

ఆవిడ కర్ర దించి ఒళ్ళో పెట్టుకుంది. మొహంలో బాధ కూడా పెద్దగా లేదు. ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న ఉత్తరం వచ్చినట్టు ఉంది.

"ఆగిపోయింది బాబూ. డాక్టరు అన్నట్టే, చెప్పాపెట్టకుండా," అంది. చెయ్యి చాచి గిటారు భుజం నిమిరింది. "పోన్లే. నాకే వినపడట్లేదు గానీ, నీ దగ్గర అది మోగుతూనే ఉంటుందిగా. అది చాలు. ఇక నువ్వు ఈ మెట్లెక్కి రానక్కర్లేదు. మాట నిలబెట్టుకున్నావు."

మాట నిలబెట్టుకున్నావు అనేసరికి మేస్త్రి గిటారు ఒళ్ళోంచి దించాడు. లేచి దండం పెట్టి మెట్లు దిగిపోతే చాలు. ఎవరికీ తెలియదు. ఆవిడకు అసలే తెలియదు. గిటారు పెట్టెలో పెట్టి, మూత కూడా వేశాడు. కొక్కెం దగ్గర ఆయన చెయ్యి ఆగింది. బల్ల మీది పెన్సిలు తీసుకున్నాడు. దస్తాలో ఒక కాయితం మీద రాసి ఆవిడ చేతికిచ్చాడు.

*మీ చెవి బాగానే ఉంది. గిటారే పోయింది. నేనే పాడు చేశాను.*

ఆవిడ కాయితం దూరంగా పట్టుకుని చదివింది. దగ్గరగా పట్టుకుని చదివింది. తర్వాత డబ్బీ మూత తీసి, మిషను చెవికి పెట్టుకుంది. అది కాసేపు కీచుమని, సర్దుకుంది.

"నోటితో చెప్పు," అంది.

ఆయన చెప్పాడు. లావు తీగలు, టిక్కు, అరగదీసిన పట్టీ, గులాబీ రంగు పలక, భూతద్దం ముందే చేసిన హెచ్చరిక, ఏదీ దాచలేదు. ఆవిడ ఒక్కసారి కూడా ఏమన్నావని అడగలేదు. ప్రతి మాటా వినపడింది.

అంతా అయ్యాక ఆవిడ జెండా కర్ర ఎత్తి, కొసలు రెండూ చూసుకుని, మెల్లగా లేచి తలుపు మూలన ఆనించి వచ్చింది. ఆవిడ కప్పులో టీ చల్లారిపోయింది.

"చెవి పోయిందనుకున్న ఆ కాసేపూ బాగానే ఉన్నాను బాబూ," అంది. "ఇప్పుడు చెవి మిగిలింది. దీన్నేం చేసుకోమంటావు?"

కిటికీ అవతల ఇంకో బండి వస్తోంది. ఇద్దరూ అది వెళ్ళేదాకా అలాగే కూర్చున్నారు.